పొగ తాగేవారికి ఈజీఎఫ్‌ఆర్ పరీక్ష దండగా?

ఛాతీవార్డు (ఎర్రగడ్డ):
30 ఏళ్లు సిగరెట్లు కాల్చిన మనిషికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అడినోకార్సినోమా (అడినో) అనే రకమని తేలితే, "కణితిలో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువు మార్పు పొగ తాగనివాళ్లకే వస్తుంది, పరీక్షెందుకు, కీమో మొదలెట్టండి" అనే సలహా హైదరాబాద్‌లో ఇంకా వినిపిస్తోంది. తప్పంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

మందులచీటీ (మలక్‌పేట):
మొత్తంగా తప్పనలేం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనే స్మాల్ సెల్, స్క్వామస్ అనే వేరే రకాలకు పొగతో సంబంధం చాలా గట్టిది, వాటిలో ఈ మార్పు అరుదు. చేతిలో డబ్బు లేని కుటుంబానికి ఏది ముందో చెప్పాలి కదా.

స్లైడుబాక్సు (పంజగుట్ట):
మందులచీటీ గారూ, స్మాల్ సెల్ వరకు సరే. అడినోలో ఒప్పుకోను. 2009లో వెలువడిన ఐపాస్ అనే మందు ట్రయల్‌లో అందరూ అడినో రోగులే. పొగ అసలు తాగనివాళ్లనీ, కొద్దిగా తాగి మానేసినవాళ్లనీ ఏరి తీసుకున్నారు. అయినా కణితి పరీక్షించిన 437 మందిలో మార్పు కనిపించింది 261 మందికే. అది లేనివాళ్లకు జెఫిటినిబ్ (ఈ మార్పు ఉన్న కణితిపై పనిచేసే మాత్ర) ఇస్తే కీమోలో కంటే త్వరగా జబ్బు ముదిరింది. అలవాటు చూసి ఊహిస్తే రెండువైపులా నష్టమే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. బయాప్సీలో తీసిన కణితి ముక్క ల్యాబుకు చేరకముందే పాడవుతోంది. ముక్కను చెడకుండా ఉంచే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ ద్రవంలో 6 నుంచి 48 గంటలు ఉంచాలి. సెలవులని వదిలేస్తే డీఎన్‌ఏ తునకలవుతుంది. ఎముక ముక్కను గాఢమైన ఆమ్లంలో మెత్తబరిస్తే జన్యుపరీక్షకు పనికిరాదు. టీటీఎఫ్-1 (అడినోను చూపేది), పీ40 (స్క్వామస్‌ను చూపేది) మార్కర్లతో రకం తేల్చి, మిగిలింది దాచండి. అరడజను మార్కర్లు వేసి ముక్కను పొదిగిన మైనపు బ్లాకు అరగదీస్తే రోగికి మళ్లీ బయాప్సీ సూది తప్పదు. జన్యుమార్పు కోసం చేసే రక్తపరీక్షలో కనబడలేదంటే మార్పు లేదని కాదు.

ఛాతీవార్డు:
కేస్ షీట్లలో పొగ లెక్కా తప్పే. రోజుకో ప్యాకెట్టు చొప్పున ఏడాది తాగితే ఒక ప్యాక్-ఇయర్; ఈ లెక్కలో ప్యాకెట్టంటే 20 సిగరెట్లు. పాన్ డబ్బాలో కొనే పదింటి పెట్టె రోజుకొకటి చొప్పున 30 ఏళ్లు కాలిస్తే 15 ప్యాక్-ఇయర్లు, 30 కాదు.

మందులచీటీ:
అడినో సంగతి ఒప్పుకున్నాను. అయితే మార్పు ఉందని జెఫిటినిబ్ లాంటిదే అయిన ఎర్లోటినిబ్ రాసి, పొగ సంగతి వదిలేయొద్దు. పొగ వల్ల కాలేయపు ఎంజైములు చురుకై మందును త్వరగా విరిచేస్తాయి, రక్తంలో మోతాదు బాగా పడిపోతుంది. తొలిదశల్లో మానేస్తే ఆయుష్షూ పెరుగుతుంది: 2021 నాటి రష్యా అధ్యయనంలో జబ్బు తేలాక మానేసినవాళ్లు బతికిన మధ్యస్థ కాలం 6.6 ఏళ్లు, మాననివాళ్లది 4.8. స్క్వామస్‌పై నా మాట మాత్రం మారదు.

స్లైడుబాక్సు:
రోగి పొగ తాగనివాడైతే, లేదా బయాప్సీ ముక్క మరీ చిన్నదైతే స్క్వామస్‌లోనూ ఈజీఎఫ్‌ఆర్ పరీక్ష చేయించండి. చిన్న ముక్కలో పక్కనున్న అడినో భాగం దొరక్కపోవచ్చు.