సమస్యాపూరణం: చచ్చినట్టి కణమె జలము మోయు

నిర్వాహకులు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. వినడానికి విరోధంగా ఉన్నా, చెట్టులో వేరు నుంచి ఆకుకు నీరెక్కే గొట్టం, అంటే దారునాళం, సంగతి తెలిసినవారికి ఇది అక్షరాలా నిజం. అందుకే విరుపుతోనో ప్రశ్నార్థకంతోనో దాటవేయకుండా వృక్షశాస్త్రంతోనే పూరించగలరు.

నకిరేకల్ సభ్యుల పూరణ:

గోడ గట్టిపరచి గుల్లయై లోపల
నడుమ తడికె తొలగి నాళమగుచు
వేరు మొదలు కొనకు విడువని దారియై
చచ్చినట్టి కణమె జలము మోయు.

నిర్వాహకులు: చాలా బాగుంది. కణం ముందు పొడుగు సాగుతుంది, గోడకు లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని పట్టించుకుంటుంది, ఆ తర్వాత లోపలి జీవపదార్థాన్ని తానే కరిగించుకుంటుంది. పై కణానికీ కింది కణానికీ మధ్య అడ్డుగోడ పోతేనే గొట్టం తయారవుతుంది. ‘తడికె తొలగి’ అన్న మాటే ఈ పద్యానికి ప్రాణం. గో–గు, వే–వి యతులు సరిపోయాయి.

మహబూబ్‌నగర్ సభ్యులు: ‘విడువని దారి’ని ఒకే గొట్టమని చదువుకోవద్దు. నాళాలు ఎక్కడికక్కడ ముగుస్తాయి. ఒక నాళం నుంచి పక్క నాళంలోకి నీరు గోడల్లోని సన్న గుంతల గుండా పోతుంది. ఆ గుంతల్లోని పల్చని పొర వల్లనే ఒక నాళంలో గాలి బుడగ పడినా పక్కదానికి పాకదు. దారి మొత్తానికి తెగదు కాబట్టి పద్యానికి దోషం లేదు.

భువనగిరి సభ్యుల పూరణ:

తాటిచెట్టునెక్కి ధారగా కల్లును
కుండ నింపుకొనగ కొదువ లేదు
నేల నుండి పైకి నిలువున లాగుచు
చచ్చినట్టి కణమె జలము మోయు.

నిర్వాహకులు: ధార బాగుంది, ఛందస్సు నిర్దోషం. విషయంలో మాత్రం రెండు చోట్ల అభ్యంతరం. కల్లు దారువులోంచి, అంటే నీటినాళాలున్న చెక్క భాగంలోంచి, వచ్చే నీరు కాదు, ఆకులు వండిన చక్కెర రసం. అది చక్కెరను మోసే పోషక కణజాలంలోని బతికున్న చాలనీ నాళాల (జల్లెడ గొట్టాల) గుండా గెలకు చేరుతుంది. గెల కొసను రోజూ పల్చగా చెక్కేది కూడా అందుకే. తెగిన చోట ఆ కణాల రంధ్రాలు పూడుకుంటాయి, ధార సన్నబడుతుంది. రెండోది, చచ్చిన కణం లాగదు, దారి మాత్రమే ఇస్తుంది. లాగేది ఆకు. పత్రరంధ్రాల గుండా ఆవిరి పోతుంటే ఆకు కణాల గోడల్లో నీరు వెనక్కి తగ్గి, కింది నీటిని పట్టి గుంజుతుంది. నీటి అణువులు ఒకదానినొకటి వదలవు గనుక ఆ గుంజుడు వేరు దాకా అందుతుంది. 1894లో ఐర్లాండ్ శాస్త్రవేత్తలు డిక్సన్, జోలీ చెప్పిన సిద్ధాంతం ఇదే. బావి గట్టు మీద మోటరు పెట్టి పీలిస్తే వాతావరణ పీడనం నీటిని 10.3 మీటర్లకు మించి ఎక్కించలేదు. తాటిచెట్టు అంతకు రెట్టింపు పెరిగినా మొవ్వుకు నీరందుతుంది. సవరణ చూడండి:

తాటి మొవ్వుపైన దాహంబు దీర్పగా
కొలిమి యెండ వేళ కొదువ లేక
పత్రరంధ్రములివె పట్టి లాగుచునుండ
చచ్చినట్టి కణమె జలము మోయు.

మహబూబ్‌నగర్ సభ్యులు: సవరణ సబబే. ఇంకొక మాట, తాటికి కాండాన్ని లావెక్కించే విభాజ్య పొర లేదు, ఏటేటా కొత్త దారువు పుట్టదు. మొదట్లో ఏర్పడిన నాళాలే చెట్టు బతికినన్నాళ్లూ నీరు మోయాలి.

దేవరకొండ సభ్యుల పూరణ:

బోదె చుట్టు నీరు పోయకు రైతన్న
జిగురు కారి బెరడు చీకిపోవు
పిల్లవేర్ల చెంత పెట్టిన చాలును
చచ్చినట్టి కణమె జలము మోయు.

నిర్వాహకులు: బత్తాయి తోట కళ్ల ముందు నిలిచింది. బోదె చుట్టూ మట్టి ఎగదోసి లోపల ఒక వలయం, కొమ్మల నీడ అంచున ఇంకో వలయం చేసి, నీరు ఆ రెండింటి మధ్యనే పారాలి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు. జిగురు కారుతుంటే చెడ్డ బెరడు గీకేసి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం 5 లీటర్లలో, కిలో సున్నం 5 లీటర్లలో విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కలిపి, ఆ తర్వాతే రెండూ కలపాలి. ఇనుప బకెట్ వాడితే మైలుతుత్తంలోని రాగి ఇనుముకు పట్టి మందు చెడుతుంది.

నల్లగొండ సభ్యులు: మూడో పాదంలోని ‘పిల్లవేర్లు’ బతికున్నవి. నాళం చచ్చినదైనా దాని వాకిలి బతికే ఉండాలి. పాదిలో నీరు నిలిస్తే వేరుకు గాలి అందదు, అప్పుడది నీటిని లోపలికి రానివ్వదు. చుట్టూ బురద ఉన్నా ఆకు వాడుతుంది. అది చూసి దాహమనుకొని మళ్లీ తడి పెడితే చెట్టు పోతుంది.

నాగర్‌కర్నూల్ సభ్యుల పూరణ:

బెరడు వలయమట్లు పెకలించి వేసిన
పచ్చదనము చెడదు నెలకునైన
క్రింద వేరు మాడి కృశియించుచుండగ
చచ్చినట్టి కణమె జలము మోయు.

నిర్వాహకులు: భావంలో అందరికన్నా లోతు ఈ పూరణదే. బెరడుతో పోయేది పోషక కణజాలం, లోపలి దారువు మిగులుతుంది. నీరెక్కుతూనే ఉంటుంది గనుక ఆకు పచ్చగా ఉంటుంది, చక్కెర దిగదు గనుక వేరు నిల్వ తిని మాడుతుంది. కత్తి లోతుగా దిగి దారువు కూడా తెగితే మాత్రం చెట్టు కొద్ది రోజుల్లోనే వాడుతుంది. రెండో పాదంలో ప–నె యతి తప్పింది. ‘పచ్చదనము చెడదు పక్షమైన’ అనండి, సరిపోతుంది.

వచ్చే వారం సమస్య, తేటగీతి: “నీట మునిగిన చెట్టుకు నీరు లేదు.”