ఆమ్దార్ (ఎమ్మెల్యే) గ్రూపుల "నిధి మంజూర్" అని మెసేజ్ – పని ఎక్కడిదాక వచ్చిందో చూసుకునుడెట్ల? (సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)

అడిగినవారు: అంకీసా దిక్కు
ఆమ్దార్ ఆఫీసు వాట్సాప్‌ల మూడు సంగతులు పెట్టిన్రు. మా ఊరి లోపలి సీసీ రోడ్డుకు నిధి మంజూర్ అని ఒకటి. మేడిగడ్డ బ్యారేజీ వెనుక నీళ్లల్ల మునుగుతున్న భూముల మీద సభల లక్షవేధి (సర్కారు ధ్యాస గుంజే సూచన) పెట్టినమని ఇంకోటి. ఆలాపల్లి–సిరొంచ హైవే గురించి మంత్రికి నివేదన్ (వినతిపత్రం) ఇచ్చినమని మూడోది. మరాఠీ మాట్లాడుడు వస్తది గని సర్కారీ మరాఠీ మాకు ఒంటబట్టదు. ఈ మూడిట్ల ఏది అయినట్టు, ఏది కానట్టు? ఊరోళ్లం ఏం జేయాలె?

బాంధకామ్ కాయితాలు తెలిసినవాడు
రోడ్డు సంగతి నేను చెప్త. ముందుగాల ఆఫీసోళ్లను "జీఆర్ సంకేతాంక్ ఎంత?" అని అడుగుండ్రి. జీఆర్ అంటే శాసన్ నిర్ణయ్, సర్కారు ఉత్తర్వు; సంకేతాంక్ అంటే దాని నంబర్. ప్రతి శాసన్ నిర్ణయ్ ఆఖరి పేరాల ఆ నంబర్ ఉంటది. పొడుగు నంబర్, మొదటి 8 అంకెలు తేదీయే: 20250318 అంటే 2025 మార్చి 18. మహారాష్ట్ర శాసన్ వెబ్‌సైట్ల శాసన్ నిర్ణయ్ పేజీకి పోయి ఆ నంబర్ కొడితే పీడీఎఫ్ దిగుతది. ముందు పేజీల ఉపోద్ఘాతం ఇడిసిపెట్టి సీదా పరిశిష్టం తెరవండి. తాలూకా, ఊరు, పని పేరు, లక్షలల్ల రక్కం వరుసగ ఉంటయ్. ఊరి పేరు, పని పేరు అక్షరం అక్షరం చూడుండ్రి. మన తెలుగు ఊర్ల పేర్లు మరాఠీల రాసేటప్పుడు ఇష్టమొచ్చినట్టు తిరుగుతయ్. ఒక ఊరికి బదులు ఇంకో ఊరు పడితే శుద్ధిపత్రక్ (తప్పు దిద్దిన కాయితం) వచ్చేదాక ఇంజనీర్ ఆ పని ముట్టడు.

జీఆర్ దొరకలేదని మెసేజ్ అబద్ధం అనుకోవద్దు. పైసలు ఏ బడ్జెట్ హెడ్‌ల నుంచి వస్తున్నయో దాన్ని బట్టి కాయితం మారుతది. "పచ్చీస్ పంద్రా" (2515) అయితే గ్రామవికాస్ శాఖది, ఆమ్దార్ సిఫారసు మీద మంత్రాలయం (ముంబై సచివాలయం) నుంచి జీఆర్ వస్తది. 3054, 5054 రోడ్ల హెడ్లు. ఆమ్దార్ నిధి (2022 నుంచి ఏడాదికి 5 కోట్లు) గానీ, జిల్లా నియోజన్ (ప్రణాళిక) పైసలు గానీ అయితే ఒక్కో పనికి జీఆర్ ఉండదు. కలెక్టర్ ఆఫీసుల జిల్లా నియోజన్ అధికారి దగ్గర ప్రశాసకీయ మాన్యత (పరిపాలనా మంజూరీ) ఆదేశం ఉంటది. దాని నంబర్, తేదీ అడగాలె.

ప్రశాసకీయ మాన్యత వచ్చినా పని షురూ అయినట్టు గాదు. అందాజ్‌పత్రక్ (ఖర్చు అంచనా) కట్టాలె, తాంత్రిక్ (ఇంజనీరింగ్) మాన్యత రావాలె, నివిదా (టెండర్) పిలవాలె, ఆఖరికి కార్యారంభ్ ఆదేశ్ (పని షురూ చేయుమనే ఉత్తర్వు) ఇయ్యాలె. గుత్తేదారు పేరు, పని ముగించే గడువు ఉండేది ఈ ఆఖరి కాయితంల్నే. నా లెక్కల ఊరోళ్లు పట్టుకోవాల్సింది అదే. నివిదా సర్కారు టెండర్ల వెబ్‌సైట్ మహాటెండర్స్‌ల కనబడుతది గని, గ్రామ పంచాయతీకే ఇచ్చే చిన్న పనులు అండ్ల కనబడయ్.

మన తాలూకాల ఎక్కువ ఆగేది అటవీ భూమి కాడ. రోడ్డు తొవ్వల ఫారెస్ట్ ముక్క ఉంటే కంకర దించంగనే గార్డు ఆపుతడు. అసొంటి చిన్న పనులకు వనహక్కుల చట్టం 2006 సెక్షన్ 3(2) తొవ్వ ఉంది. భూమి 1 హెక్టారు లోపు ఉండాలె, హెక్టారుకు 75 చెట్ల కంటె ఎక్కువ కొట్టొద్దు, గ్రామసభ సిఫారసు ఉండాలె. మంజూరీ డీఎఫ్‌వో స్థాయిల్నే అయితది. గ్రామసభ ఠరావ్ (తీర్మానం) ఇప్పుడే రాసి పెట్టుకుంటె నయం. నివిదా అయినంక మొదలువెడితే ఒక ఎండాకాలం పోతది, వానలు పడ్డంక మన రోడ్ల మీద కాంక్రీట్ ట్రక్కు రాదు.

సభా పత్రికలు చదివేవాడు
లక్షవేధి నియమం 105 కింద పెడుతరు. నోటీసు ఇచ్చుడు వేరు, అధ్యక్షుడు స్వీకరించుడు వేరు, ఆ రోజు కామకాజ్ (సభ పనుల) పట్టికల ఎక్కి సభల పిలుచుడు వేరు. పిలిస్తే మాత్రం మంత్రి సభల జవాబు (దీన్నీ నివేదన్ అంటరు) చెప్పక తప్పదు. మెసేజ్‌ల "ఔచిత్యాచా ముద్దా" అని ఉందా చూడుండ్రి. అది ఉంటే సంగతి సభ చెవిన ఏసినట్టే, మంత్రి అప్పుడే లేచి జవాబియ్యాలన్న రూలు లేదు. వీడియో ముక్క రెండిటికీ ఒక్క తీరుగనే కనబడుతది, మోసపోయేది అక్కడ్నే.

మంత్రి ఏమన్నడో అసలు మాటలే కావాలె. "తపాసూన్ పాహూ" (తపాసి చూస్తం) అంటే చేతికి ఏం రాలే. "అముక్ తారీఖు లోపు బైఠక్ పెడుతం", "సంయుక్త మోజణి (ఉమ్మడి భూమి కొలత) పూర్తి చేస్తం" అంటే అది ఆశ్వాసన్ (సభల ఇచ్చిన హామీ). దాని వెంబడి పడేటందుకు విధానసభల ఆశ్వాసన్ సమితి ఉంది. తారీఖు, మంత్రి అన్న వాక్యం రాసి ఆమ్దార్‌కే మళ్ల గుర్తు చేయుండ్రి.

మీరే తారాంకిత (నక్షత్ర గుర్తు) ప్రశ్న ముసాయిదా ఇస్తే ఆమ్దార్ పీఏకు పని తక్కువైతది, మీ ప్రశ్న ముందుకు పోతది. అచ్చు ఇట్ల ఉంటది: మొదటి ముక్కల సంగతి చెప్పి "హే ఖరే ఆహే కాయ" (ఇది నిజమేనా), రెండో దాంట్ల "అసల్యాస్, శాసనానే కోణతీ కార్యవాహీ కేలీ" (నిజమైతే సర్కారు ఏం చర్య తీసుకున్నది), ఆఖరిది "నసల్యాస్, విలంబాచీ కారణే కాయ ఆహేత" (తీసుకోకుంటే ఆలస్యానికి కారణాలేంది). ఒక్క ప్రశ్నల ఒక్క సంగతే పెట్టాలె. రోడ్డు, భూములు, కరెంటు కలిపి రాస్తే కొట్టేస్తరు. గ్రామం, గట్ (సర్వే) నంబర్, ఆదేశం తేదీ లేకుంటే "అంశతః ఖరే ఆహే" (కొంతే నిజం) అని తప్పించుకునే సందు దొరుకుతది. ప్రశ్నల నోటీసులు అధివేశనానికి (సభ సమావేశాలకు) చాలా వారాల ముందే తీసుకుంటరు. డిసెంబర్‌ల నాగ్‌పూర్ అధివేశనం షురూ అయినంక పట్టుకపోతే బైఠకుల నివేదన్ ఇచ్చుకోవాల్సిందే.

గోదారి గట్టు రైతు
మేడిగడ్డ సంగతిల ఊరోళ్లు రెండు లెక్కలు కలుపుతున్నరు. వరదకు పంట పోతే వచ్చేది సాయం. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి), కృషి సహాయక్ (వ్యవసాయ శాఖ ఉద్యోగి), గ్రామసేవక్ (పంచాయతీ ఉద్యోగి) కలిసి పంచనామా చేయాలె, నష్టం 33 శాతం అన్న ఉండాలె. భూమే పోతే వచ్చేది మోబదలా (భూమి పరిహారం). దానికి సంయుక్త మోజణి, తర్వాత సీదా ఖరీదు గానీ, 2013 భూసంపాదన చట్టం గానీ. బ్యారేజీ తెలంగాణది, రెండు రాష్ట్రాల ఒప్పందం 2016 ఆగస్టు 23న అయింది, అందుకే ఫైలు ఒక్క తహసీల్‌ల తేలదు. ఆమ్దార్‌కు ఇచ్చే అర్జుల "నుక్సాన్ భర్‌పాయీ" (నష్టపరిహారం) అని ఒక్క మాట రాసి ఊకుంటే అధికారులు పంట లెక్క చూపి మూసేస్తరు. రెండు అర్జులు ఏర్పాటుగ రాయుండ్రి.

మోజణి కాడ పైసలు ఆగేది పహాణీ అసొంటి సాత్‌బారా మీద. తాత పేరు మీదనే ఉంటే ఇప్పుడే వారస్ నోంద్ (వారసుల పేర్లు ఎక్కించుడు) చేయించి పేరు మార్పు ఫేర్‌ఫార్ నంబర్ తీసుకోండి. భోగవట్‌దార్ వర్గ్ 2 (సర్కారు అనుమతి లేక అమ్మరాని) భూమి అయితే దాని ఫైలు వేరే నడుస్తది. వనహక్కు పట్టా ఉన్నోళ్లు సాత్‌బారా లేదని ఎనుకకు జరగొద్దు, పట్టా నకలు జోడించి మోజణిల పేరు ఎక్కించుమని లిఖితంగ అడుగుండ్రి.

బాంధకామ్ కాయితాలు తెలిసినవాడు
హైవే గురించి పెద్దగ చెప్పేది లేదు. అది 353సీ నేషనల్ హైవే, పైసలు కేంద్రానివి, నడుమ అడవికి కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ పోర్టల్ ద్వారా మంజూరీలు కావాలె. ఆమ్దార్ నివేదన్ అంటే ఉత్తరం, అంతే. గుంతలు పూడ్చుడు ఎవరి బాధ్యత అని నేషనల్ హైవే విభాగం కార్యకారీ అభియంతాకు (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌కు) రాస్తేనే లాభం.

అడిగినవారు
ఆర్టీఐ పెడితే ఆమ్దార్ మనసు కష్టపెట్టుకోడా సార్?

సభా పత్రికలు చదివేవాడు
అర్జు ఆమ్దార్ మీద గాదు, పని చేయించే ఆఫీసు మీద. 10 రూపాయల కోర్ట్ ఫీ స్టాంప్, ఒక్క సంగతి, 150 మాటలల్ల ముగించాలె. ప్రశాసకీయ మాన్యత ఆదేశం, అందాజ్‌పత్రక్, కార్యారంభ్ ఆదేశ్ నకళ్లు అడుగుండ్రి. "పని ఎందుకు కాలేదు" అని రాస్తే "మాహితీ (సమాచారం) కాదు, ప్రశ్న" అని తిప్పి పంపుతరు. 30 రోజులల్ల జవాబు రాకుంటే 20 రూపాయల స్టాంప్‌తోటి మొదటి అపీల్. నకలుకు పేజీకి 2 రూపాయలు.

అంతకన్న ముందు ఇంకో సులువు పని ఉంది. ఆమ్దార్ సిఫారసు ఉత్తరం నకలు అడిగి తీసుకోండి. దాని మీద ఆయన ఆఫీసు జావక్ (బయటికి పంపిన) నంబర్ ఉంటది, అది చేరిన ఆఫీసుల ఆవక్ (లోపలికి వచ్చిన) నంబర్ పడుతది. ఆవక్ రిజిస్టర్‌ల లేకుంటే ఆ ఉత్తరం ఇంకా ఏదో బ్యాగుల్నే ఉన్నట్టు. మళ్ల పంపించుమని పీఏకు ఫోన్ చేస్తే సరిపోతది, ఆర్టీఐ దాక పోవాల్సిన అవసరం పడకపోవచ్చు.