పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ కిట్: ఇంగ్లాండ్‌లో ఇంటికే వస్తుంది, మరి బెజవాడలో?

పటమట_వాసి:
లెస్టర్‌లో ఉన్న మా బావగారికి 54 ఏళ్లు. అడక్కుండానే మలపరీక్ష కిట్ పోస్టులో వచ్చింది. ఇక్కడ నాన్నగారికి 67, అమ్మకి 61. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. నాన్నగారు షుగర్ మాత్రలు, క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడతారు. మన దగ్గర ప్రభుత్వం తరఫున ఇలాంటిది ఉందా? లేకపోతే బయట ల్యాబ్‌లో చేయిస్తే సరిపోతుందా?

ప్రజారోగ్యం_గుంటూరు:
ఏఎన్ఎంలు ఇంటింటికీ వచ్చి చేసే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి. పెద్దపేగు లేదండి. ఇంగ్లాండ్‌లో జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరున్న 50–74 ఏళ్లవాళ్లకి రెండేళ్లకోసారి కిట్ వెళ్తుంది. 75 దాటినవాళ్లు అడిగి తెప్పించుకోవచ్చు. కిట్ పంపడం అందులో చిన్న పని. శాంపిల్ తిప్పి పంపనివాళ్లకి గుర్తుచేయడం, తేడా వచ్చినవాళ్లని కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూడటం) దాకా తీసుకెళ్లడం, రెండేళ్లకి మళ్లీ పిలవడమే అసలు పని. ఇక్కడ ఆ మూడూ మీరే చూసుకోవాలి. తేడా వస్తే కొలనోస్కోపీకి నాన్నగారు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి. ఒప్పుకోకపోతే పరీక్షకి పెట్టే డబ్బు దండగ.

ఇంకో మాట. మలంలో రక్తం, కారణం లేకుండా రక్తహీనత, బరువు తగ్గడం, మోషన్ అలవాటు మారడం ఉంటే ఇది స్క్రీనింగ్ కింద రాదు. "మొలలే కదా" అనుకోకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ల్యాబ్_టెక్నీషియన్:
ల్యాబ్‌లో "స్టూల్ అకల్ట్ బ్లడ్" (మలంలో కంటికి కనపడని రక్తం) అని మాత్రం అడక్కండి. ఆ పేరుతో పాత రసాయన పరీక్ష చేసేవాళ్లూ ఉన్నారు. దానికి మటన్, పచ్చి ముల్లంగి తిన్నా పాజిటివ్ రావచ్చు, విటమిన్ సి మాత్రలు వేసుకుంటే ఉన్న రక్తం కూడా కనపడకపోవచ్చు. "ఫిట్ (ఫీకల్ ఇమ్యునోకెమికల్ టెస్ట్), అంకె వచ్చేది" అని అడగండి. అది మనిషి రక్తంలోని గ్లోబిన్‌నే పడుతుంది, పథ్యం అక్కర్లేదు.

అంకెతోపాటు యూనిట్ చూడండి. కొన్ని యంత్రాల్లో మిల్లీలీటరుకి 100 నానోగ్రాములంటే గ్రాము మలానికి 20 మైక్రోగ్రాములు. స్క్రీనింగ్‌కి స్కాట్లాండ్ గ్రాముకి 80 మైక్రోగ్రాముల దగ్గర పాజిటివ్ గీత గీసింది, ఇంగ్లాండ్ 120తో మొదలుపెట్టింది. అదే లక్షణాలున్నవాళ్లకైతే అక్కడ 10 వచ్చినా ముందుకి పంపుతారు. కాబట్టి బావగారి రిపోర్టుతో నాన్నగారిది పోల్చకండి.

శాంపిల్ ఎక్కువగా పాడయ్యేది తీసేటప్పుడే. మలం నీళ్లలో పడకూడదు. ఇండియన్ టాయిలెట్‌లో అయితే గుంట మీద మందపాటి పేపరో, పొడి డబ్బానో పెట్టాలి. పుల్ల కొసని రెండు మూడు చోట్ల గీరి, గాడులు నిండితే చాలు. ముద్ద ఎక్కించి సీసాలో కుక్కితే కొలత తప్పుతుంది. మూత బిగించి తేదీ రాయండి. వేడికి హిమోగ్లోబిన్ చెడి, ఉన్న రక్తం లేనట్టు వస్తుంది. మన మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి మధ్యాహ్నం దాకా తిప్పితే ఆ రిపోర్టుని నమ్మలేం. పొద్దున్నే తీసి వెంటనే ఇచ్చేయండి.

పటమట_వాసి:
పాజిటివ్ వస్తే ఇంకోసారి ఫిట్ చేయించి నిర్ధారించుకోవచ్చా?

ఎండోస్కోపీ_నర్సు:
వద్దండి, అందరూ చేసే పొరపాటే అది. పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) రోజూ రక్తం కార్చదు. రెండోది నెగటివ్ వచ్చినా మొదటిది చెల్లిపోదు. పాజిటివ్ అంటే క్యాన్సర్ అనీ కాదు, చాలామందిలో పాలిప్పో, మొలలో ఉంటాయి, కొందరిలో ఏమీ ఉండదు. చూడాల్సింది మాత్రం కొలనోస్కోపీతోనే.

అది చెడేది పేగు శుభ్రం కాకే. ఐరన్ మాత్రలు వారం ముందు ఆపాలి. రెండు మూడు రోజుల ముందు నుంచి గోంగూర, తోటకూర, జామ, నువ్వులు, ఇసబ్గోల్ వద్దు. తెల్లన్నం, మజ్జిగ, గుడ్డు పర్లేదు. ముందురోజు పల్చటి ద్రవాలే, ఎర్ర రంగు శరబత్తులు వద్దు. పెగ్ పొడి (పేగు శుభ్రం చేసే విరేచనాల మందు) కలిపిన నీళ్లు సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకి నాలుగైదు గంటల ముందు. మొత్తం రాత్రే తాగేస్తే తెల్లారేసరికి కుడివైపు పేగు మళ్లీ జిగటగా తయారవుతుంది. చివర్లో మోషన్ లేత పసుపు నీళ్లలా రావాలి.

నాన్నగారి క్లోపిడోగ్రెల్ మీరుగా ఆపకండి. స్టెంట్ ఉంటే ప్రమాదం. ఆపాలా, ఎన్ని రోజులు అన్నది గుండె డాక్టరు చెప్పాలి. తిండి లేకుండా షుగర్ మాత్ర వేస్తే షుగర్ పడిపోవచ్చు, ఆ మోతాదూ ముందే అడగండి. మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు. పాలిప్ తీస్తే బయాప్సీ రిపోర్టు తర్వాత వస్తుంది, తప్పకుండా తెచ్చుకుని డాక్టరుకి చూపించండి. మళ్లీ కొలనోస్కోపీ ఎప్పుడన్నది పాలిప్పుల సంఖ్య, సైజు, ఆ రిపోర్టు చూసి చెప్తారు.