గోడ మీద పావురానికి చందా ఇవ్వాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మా పేటలో యువజన సంఘం పిల్లలు నెల రోజులుగా బొమ్మలు నేర్చుకుంటున్నారు. శిక్షణ ముగిశాక పేట మొదట్లోని ప్రహరీ గోడ మీద ‘శాంతి, సామాజిక న్యాయం’ పేరుతో పెద్ద చిత్రం వేస్తారట. రంగులకు చందా అడిగితే ఇచ్చాను గానీ మనసొప్పలేదు. నమూనా కాగితం చూపించారు: మధ్యలో భూగోళం, చుట్టూ పెనవేసుకున్న చేతులు, పైన పావురం. స్వచ్ఛ సర్వేక్షణ్ హడావుడి వచ్చినప్పుడల్లా ఊళ్ల గోడల మీద చూసే బాపతే. మా పేటలో పై వీధి వాళ్లు నీళ్లు పట్టుకుని వెళ్లేదాకా కింది వీధి వాళ్లు బోరు దగ్గరికి రారు. రావద్దని ఎవరూ అనరు, అయినా రారు. ఆ బోరు ఈ గోడకు పది అడుగుల దూరంలో ఉంది. దాని పక్కన పావురాన్ని వేసి శాంతి అనడం నాకు ఎబ్బెట్టుగా ఉంది. ఇలాంటి వాటికి డబ్బూ పిల్లల సెలవులూ ఖర్చు చేయడం సబబేనా?

రంగుల డబ్బా (విజయనగరం):
సబబో కాదో తరువాత చూద్దాం. ఆ గోడకు ఇప్పుడు సున్నం ఉందా? ఉంటే దాని మీద ఎమల్షన్ నిలవదు. మొదటి వానాకాలానికే పెచ్చులూడి పావురం మెడ దాకా పోతుంది. దుకాణాల బోర్డులు, సినిమా ప్రకటనలు, ఎన్నికల రాతలు రాసి ఇరవై ఏళ్లు బతికినవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక మా కుంచెలు అటకెక్కాయి. గోడ బొమ్మలకు మళ్లీ రోజులొచ్చాయంటే సంతోషించాను. తీరా చూస్తే రంగుల దుకాణానికి డబ్బిస్తారు, పిల్లలకు ప్రశంసాపత్రం ఇస్తారు, చెయ్యి తిరిగిన పెయింటరును మాత్రం ‘సేవగా చేసిపెట్టండి’ అంటారు. సామాజిక న్యాయం బొమ్మకు కూలి ఎగ్గొట్టడం ఏ న్యాయమో!

ఉద్దానం కొబ్బరి (సోంపేట):
అసలు గోడ ఎందుకండీ? మన వైపు జముకుల కథ ఉంది, తప్పెటగుళ్లు ఉన్నాయి. విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి 1960లలో జముకు పట్టుకుని మా పల్లెల్లోనే కథ చెప్పారు. ఆయన నడిచిన దారి మీద మనలో మనకు ఎన్ని వాదాలైనా ఉండవచ్చు, కథ మాత్రం జనం చెవికెక్కింది. గోడను బస్సులో పోతూ అర నిమిషం చూస్తాం. కథ దగ్గర పొద్దుపోయేదాకా కూర్చుంటాం. ఆ చందా పెట్టి పిల్లలకు తప్పెట కొట్టడం నేర్పించండి.

వంగర దారి:
నా అభ్యంతరం వేరు. ‘శాంతి’ అనే మాట ముందుగా ఎవరి నోట వస్తుందో గమనించండి. 2012 జూన్ 12న లక్ష్మీపేటలో అయిదుగురు దళితులను చంపారు. మడ్డువలస జలాశయం కోసం సేకరించిన భూముల సాగు దగ్గర రేగిన తగాదా అది. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022లో జిల్లాలు మారాక విజయనగరం. ఆ తరువాత ‘ఇక అందరూ కలిసిమెలిసి ఉండాలి’ అన్నవాళ్లను చాలామందినే విన్నాను. భూమి మాట ఎత్తితే వాళ్లు కండువా దులుపుకుని లేచిపోయారు. మీ బొమ్మలో కలిసిన రెండు చేతులూ ఒకే కొలతలో ఉంటాయి. ఒక చేతికి పొలం ఉందని, రెండో చేతికి లేదని అందులో ఎక్కడ కనిపిస్తుంది?

బంతిపువ్వు:
నేను ఆ పిల్లల్లో ఒకదాన్ని, ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. నాగావళి గట్టు గారూ, ఆ పావురం మేము కోరుకున్నది కాదు. మా మొదటి నమూనాలో ఉన్నది బోరే. దాని ముందు బిందెల వరస: స్టీలు బిందెలు దగ్గరగా, ప్లాస్టిక్ బిందెలు కాస్త ఎడంగా. మనుషులెవరూ లేరు. మా పేట వాళ్లకు ఏ బిందె ఏ వీధిదో చెప్పనక్కరలేదు. గోడ మా పెదనాన్నది కాబట్టి అడగడానికి నన్నే పంపారు. ఆయన కాగితాన్ని చాలాసేపు చూసి, “రేపు ఎవరైనా నిలదీస్తే ఏమని చెప్పనమ్మా?” అన్నారు. కోప్పడలేదు. మర్నాడు మా సారు పావురాన్ని పట్టుకొచ్చారు.

ఇంకొకటి. ఈ నెల రోజులూ రెండు వీధుల అమ్మాయిలం ఒకే బకెట్టులో కుంచెలు కడుక్కున్నాం. బోరు దగ్గర మళ్లీ మామూలే. మరి దీన్ని మార్పు అంటారా, అనరా?

పాత పేజీ:
అమ్మాయి చెప్పినదే అసలు చిక్కు. న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ అనే కోటీశ్వరుల భవనంలో మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా వేస్తున్న గోడ చిత్రంలో లెనిన్ ముఖం ఉందని 1933లో పని ఆపించారు. ఆయన తీయనన్నాడు. 1934లో గోడ మీది పూతనే పగలగొట్టించారు. అంతటివాడికీ గోడ సొంతదారే అడ్డం వచ్చాడు.

అలాగని గోడ బొమ్మలన్నీ సాధువులని అనుకోకండి. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ‘ఇది మా పేట, అడుగు పెట్టకు’ అని తుపాకులతో సహా బొమ్మలు వేసుకున్నారు. 2006 నుంచి అక్కడి కళామండలి కొన్నిటిని ఆ వీధుల వాళ్లతోనే మాట్లాడి మార్పించింది. మాట్లాడటమే పెద్ద పని, రంగు వేయడం చివరిది. రంగుల డబ్బా గారికి ఒక మాట: అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1984లో గోడలు పాడుచేస్తున్నారని తిట్లు తిన్న కుర్రాళ్లనే పిలిచి చిత్రాల పనిలో పెట్టారు. చెయ్యి తిరిగినవాళ్లను పక్కన పెట్టి నడిచే పని కాదిది.

వంగర దారి:
బిందెల బొమ్మ అయితే నేనూ చందా ఇస్తాను. పావురానికి రూపాయి ఇవ్వను.

ఉద్దానం కొబ్బరి:
బిందెల మీద కథ కట్టినా బాగుంటుంది. (నా పట్టు నాది.)

నాగావళి గట్టు:
బంతిపువ్వూ, మీ మీద తొందరపడి మాట తూలాను. ఏమీ అనుకోకమ్మా. మీ పెదనాన్న గారితో నేను మాట్లాడతాను. ఎవరైనా నిలదీస్తే నా పేరు చెప్పమంటాను. నేనూ పై వీధి వాణ్ణే. మా ఇంట్లోవీ స్టీలు బిందెలే.

వంగర దారి:
ఈ సంగతి మీరు మొదటి టపాలోనే చెప్పవలసింది.

నాగావళి గట్టు:
అవును.

రంగుల డబ్బా:
పెదనాన్న గారు ఒప్పుకుంటే కబురు చేయండి. శ్రీకాకుళం గంటన్నర ప్రయాణం, వస్తాను. రెండు రోజుల కూలి, మధ్యాహ్నం భోజనం. బిందె గుండ్రం రావడం అనుకున్నంత సులువు కాదు, గళ్లు గీసి చూపిస్తాను.

బంతిపువ్వు:
మాస్టారూ, గోడకు సున్నమే ఉంది. ఆదివారం నుంచి గీకడం మొదలుపెడతాం, ఏ బొమ్మ అయినా గీకక తప్పదు కదా. ఉప్పుకాగితం ఏ నంబరుది కొనాలి?

రంగుల డబ్బా:
ముందు ఇనుప బ్రష్షు. ఉప్పుకాగితం ఆ తరువాత, ఎనభై నంబరు చాలు. అరచేతితో తుడిస్తే తెల్లపొడి అంటనంతవరకు రుద్దండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి.