మబ్బు పట్టిందంటే మా బాబు వణికిపోతున్నాడు, ఏం చెయ్యాలి?

సింగ్‌నగర్ అమ్మ:
అందరికీ నమస్తే అండి. మాది విజయవాడ సింగ్‌నగర్, గ్రౌండ్ ఫ్లోర్. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు నీళ్ళు ఇంట్లోకొచ్చినప్పుడు బాబుకి ఆరేళ్ళు. చూస్తుండగానే నడుము దాకా వచ్చేశాయి, పైన ఓనర్ వాళ్ళింట్లో మూడు రోజులున్నాం, కరెంట్ లేదు, డ్రోన్‌తో దింపిన పొట్లాలు తిన్నాం. అప్పుడు వీడు అస్సలు ఏడవలేదు, ఎంత బుద్ధిమంతుడో అన్నారంతా. ఇప్పుడు మబ్బేస్తే చాలు స్కూల్ బ్యాగ్ తెచ్చి బీరువా మీద పెట్టమంటాడు, అర్ధరాత్రి లేచి గుమ్మం దగ్గర నేల తడిమి చూస్తాడు, పక్క తడపడం మళ్ళీ మొదలైంది. నిన్న చెల్లి వాడి బూట్లు బయట వదిలేసిందని దాన్ని చితక్కొట్టేశాడు. మా ఆయనేమో మగపిల్లాడివి ఆ భయం ఏంట్రా అని కేకలేస్తారు, అత్తయ్య జడుసుకున్నాడు తాయెత్తు కట్టిద్దాం అంటారు. నేను ఇంక రాదు నాన్నా అని వందసార్లు చెప్పా, నమ్మట్లేదు.

పాయకాపురం పిల్ల:
అక్కా మాదీ అదే కథ. ముందు ఆ "రాదు" అనడం ఆపెయ్. మా పాప నా మొహం మీదే అడిగింది, అప్పుడు కూడా రాదనే అన్నావ్ గా అని. ఏం చెప్తాం. అప్పట్నుంచి వస్తే ఏం చేస్తామో చెప్తున్నా. డాబా తాళం ఎక్కడుంటుందో చూపించా, ఒక బ్యాగులో ఆధార్ కార్డులు, బిస్కెట్లు, దాని బొమ్మ, టార్చ్ సర్దాం. టార్చ్ దాని డ్యూటీ, ప్రతి శనివారం వెలిగించి చూస్తది. భయం పూర్తిగా పోలేదు కానీ రాత్రి లేవడం తగ్గింది. ఇంకోటి, ప్రతి వానకీ వాట్సాప్‌లో ఆ వరదప్పుడు ప్రకాశం బ్యారేజీకి పడవలు గుద్దుకున్న వీడియోలు మళ్ళీ తిరుగుతాయి చూడు, అది పాతదని పిల్లలకి తెలీదు, ఇప్పుడే జరుగుతుందనుకుంటారు. ఫోన్ దాచెయ్.

బడిపంతులమ్మ:
నేను గవర్నమెంట్ స్కూల్ టీచర్ని. పక్క తడపడం, చెల్లిని కొట్టడం రెండూ ఆ భయం నుంచే అయ్యుండొచ్చండి, తిట్టకండి. అలాగని కొట్టనివ్వమనీ కాదు, చెయ్యి పట్టుకుని ఆపి "బూట్లు తడుస్తాయని భయమేసిందా" అని అడగండి, వాడికి ఆ మాట దొరకాలి. ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పించండి, వేడి పాలు ఊదినట్టు, కానీ ఎండగా ఉన్న రోజు ఆటలాగా నేర్పాలి, ఉరుముతున్నప్పుడు మొదలుపెడితే వినరు. తాయెత్తు కట్టిస్తే కట్టించండి, అత్తగారితో గొడవెందుకు, కాకపోతే ఇన్నాళ్ళయినా నిద్ర చెడుతుందంటే డాక్టర్‌కి చూపించడం మంచిది. టెలీ మానస్ అని మానసిక ఇబ్బందులకి గవర్నమెంట్ హెల్ప్‌లైన్ ఉంది, 14416 కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ, రాత్రయినా ఎత్తుతారు.

అవనిగడ్డ తాత:
అమ్మా, 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనకి నాకు తొమ్మిదేళ్ళు. మా తమ్ముడు పోయాడు. ఇంట్లో వాడి పేరెత్తనిచ్చేవాళ్ళు కాదు, పిల్లాడు మర్చిపోతాడ్లే అని. నేనేం మర్చిపోలేదు, ఇప్పటికీ గాలి హోరెత్తితే మంచం మీద ఉండలేను. మా నాయన చనిపోయే ముందు ఏడాది చెప్పాడు, ఆ రాత్రి తనకీ కాళ్ళు వణికాయని. ఆ ముక్క నా చిన్నప్పుడే చెప్పుంటే ఎంత బాగుండేదో. మీ ఆయన్ని కేకలు మాని ఆ రోజు తనకెలా అనిపించిందో పిల్లాడికి చెప్పమను.

సింగ్‌నగర్ అమ్మ:
తాతగారూ మీ మెసేజ్ మా ఆయనకి చదివి వినిపించా. ఏం మాట్లాడలేదు. రాత్రి మాత్రం బాబు పక్కన పడుకుని, నిన్ను భుజం మీద ఎక్కించుకుని మెట్లెక్కుతుంటే జారిపోతావేమోనని భయమేసింది రా అన్నారు. వీడు లేచి కూర్చుని నువ్వు కూడానా అన్నాడు. తర్వాత చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి అడిగాడు, కింద అట్టపెట్టెలో వదిలేసిన నా రంగు కోడిపిల్ల ఏమైంది అని. ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా అడగలేదండీ. మేమూ మర్చిపోయాం దాన్ని. పొద్దున చెప్తా అన్నా, ఏం చెప్పను?

బడిపంతులమ్మ:
నీళ్ళలో చచ్చిపోయిందనే చెప్పండి. నిద్రపోయింది అనకండి, మళ్ళీ పడుకోడానికి భయపడతాడు. నీ తప్పు కాదు, ఎత్తుకొచ్చే టైం మాకే లేకపోయింది అని మీరిద్దరూ చెప్పండి. బొమ్మ గీస్తానంటే రంగులివ్వండి. ఏం రంగు కోడిపిల్లండీ అది?

సింగ్‌నగర్ అమ్మ:
గులాబీ.