డాకింగ్‌లో మునగాకు రూటిన్‌కి మెథోట్రెక్సేట్ కన్నా మంచి స్కోరు వచ్చింది, పేపర్ రాయొచ్చా?

మద్దిలపాలెం_ఎంఫార్మ్:

అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఎం.ఫార్మ్ రెండో సంవత్సరం చదువుతున్నాను, కాలేజీ పేరు అడగొద్దు. ప్రాజెక్టు మొత్తం కంప్యూటర్ మీదే. కెమికల్స్ కొనడానికి డబ్బులు రాలేదు, ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి డాకింగ్ (అణువు ప్రొటీన్‌లో ఎలా, ఎంత గట్టిగా అతుక్కుంటుందో కంప్యూటర్‌తో అంచనా వేయడం) చేసుకోమన్నారు. మునగాకులో ఉంటాయని పేపర్లలో రాసిన 38 పదార్థాలు తీసుకుని, మెథోట్రెక్సేట్ అడ్డుకునే మనిషి డీహెచ్‌ఎఫ్‌ఆర్ ఎంజైమ్ మీద (ప్రొటీన్ల క్రిస్టల్ ఆకారాలు దాచే పీడీబీలో 1యూ72 ఫైలు) ఆటోడాక్ వైనా అనే డాకింగ్ ప్రోగ్రాంతో నడిపించాను. స్కోరు ఎంత ఎక్కువ మైనస్‌లో ఉంటే అంత గట్టిగా అతుక్కున్నట్టు లెక్క. రూటిన్‌కి మైనస్ 10.2 వచ్చింది. పోల్చడానికి పెట్టిన అసలు మందు మెథోట్రెక్సేట్‌కి మైనస్ 9.1.

మా గైడ్ సార్ చూసి చాలా సంతోషపడ్డారు. "మెథోట్రెక్సేట్ కన్నా శక్తిమంతమైన సహజ ఔషధం" అని టైటిల్ పెట్టి ఈ నెలలోనే పంపించేద్దాం అంటున్నారు. పంపించే జర్నల్ డబ్బు కడితే వేసేస్తుందట.

నాకు తేడా ఎక్కడ కొట్టిందంటే, మా అమ్మ కీళ్లవాతానికి మూడేళ్లుగా ఆదివారం ఆదివారం ఇదే మెథోట్రెక్సేట్ వేసుకుంటోంది. మొన్న ఇంటికెళ్లి గొప్పగా ఈ రిజల్ట్ చెప్పాను. ఆవిడ మునగాకు దూస్తూ దూస్తూ ఆగి, "అయితే ఆ మాత్ర మానీసి ఈ కూరే తినీమంటావేటిరా?" అంది. నవ్వులాటకి అనలేదు, నిజంగానే అడిగింది. నా నోట మాట రాలేదు. టైటిల్లో రాయడానికి సిద్ధమైన మాట అమ్మకి చెప్పలేకపోయానంటే ఎక్కడో ఏదో తేడా ఉన్నట్టే కదా. స్కోరులో 1.1 తేడా అంటే నిజంగా ఎంత? తెలిసినవాళ్లు తిట్టినా పర్లేదు, చెప్పండి.

పరవాడ_నైట్‌షిఫ్ట్:

తమ్ముడూ, తిట్టడానికేముంది, అడిగావు కదా, అదే గొప్ప. నేను ఫార్మా సిటీలో ఆర్ అండ్ డీలో ఉన్నాను, పదకొండేళ్లయింది. డాకింగ్ నా పని కాదు గానీ డాకింగ్ నుంచి వచ్చిన బొమ్మల్ని నమ్మి కాంపౌండ్లు తయారుచేసి చేతులు కాల్చుకున్నవాణ్ని.

ముందు లెక్క. మన గది వేడి దగ్గర 1.36 కిలోకేలరీల తేడా అంటే అతుక్కునే బలంలో పదిరెట్లు. ఆ లెక్కన నీ 1.1 తేడా ఆరేడు రెట్లు అవుతుంది, వినడానికి బాగానే ఉంది. కానీ వైనా తయారుచేసినవాళ్లే వాళ్ల 2010 పేపర్లో తమ అంచనాల్లో ప్రామాణిక దోషం 2.85 కిలోకేలరీలు అని రాసుకున్నారు. కూరగాయల బండి మీద కాటా రెండుమూడు కిలోలు అటూ ఇటూ ఊగుతుంటే దానిమీద కిలో తేడా చూసి ఎవరు బరువో తేల్చినట్టుంది నీ పని.

ఇంకో విషయం చూడు. మెథోట్రెక్సేట్ డీహెచ్‌ఎఫ్‌ఆర్‌ని పట్టుకునే బలం పికోమోలార్ స్థాయిలో (అంటే చాలా చాలా గట్టిగా) ఉంటుందని ప్రయోగాల్లో ఎప్పుడో తేలింది. దాన్ని కిలోకేలరీల్లోకి మారిస్తే దాదాపు మైనస్ 15, 16 రావాలి. నీ ప్రోగ్రాం 9.1 ఇచ్చింది, అంటే బలం తెలిసిన మందు దగ్గరే ఆరు కిలోకేలరీలు తప్పింది. అలాంటప్పుడు తెలియని దాని దగ్గర ఒకటి ఎక్కువ ఇచ్చిందని టైటిల్ ఎలా పెడతావు?

రూటిన్ సంగతికొస్తే, ఈ మనిషిని నేను చూసినన్ని పేపర్లలో ఇంకెవరినీ చూడలేదు. మధుమేహం, డెంగీ, కోవిడ్, క్యాన్సర్, ఏ ఎంజైమ్ మీద పెట్టినా మొదటి మూడు స్థానాల్లో ఉంటుంది. కారణం పెద్దగా ఏమీ లేదు, అది పెద్ద అణువు. హైడ్రోజన్లు వదిలేసినా 43 పరమాణువులు, అణుభారం 610, చుట్టూ పది ఓహెచ్ గుంపులు. వైనా స్కోరు తగిలిన ప్రతి చోటా కాస్త కాస్త కూడుకుంటూ పోతుంది, కాబట్టి పెద్దదానికి ఎక్కువ మార్కులు పడతాయి. మింగే మందు ఎలా ఉండాలో చెప్పే, 1997లో వచ్చిన లిపిన్‌స్కీ సూత్రాల ప్రకారం భారం 500 దాటకూడదు, హైడ్రోజన్ ఇచ్చేవి అయిదు దాటకూడదు. ఇది రెండూ దాటేసింది. పైగా మింగిన రూటిన్ చాలా వరకు అలాగే రక్తంలోకి వెళ్లదు, పెద్దపేగులో బాక్టీరియా చక్కెర భాగాన్ని కోసేస్తే మిగిలేది క్వెర్సెటిన్. అంటే నువ్వు డాక్ చేసిన అణువు మీ అమ్మగారి కీలు దాకా చేరేదే కాదు.

ముందు ఒక పని చెయ్యి. మెథోట్రెక్సేట్‌ని క్రిస్టల్లోంచి తీసేసి మళ్లీ డాక్ చేసి, అది తన చోటికి తాను తిరిగొస్తుందో లేదో చూడు. ఆర్‌ఎంఎస్‌డీ (అసలు చోటు నుంచి ఎంత జరిగిందనే కొలత) 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు రాకపోతే మిగతా 38 గురించి మాట్లాడుకోవడం దండగ.

గాజువాక_గణేష్:

అన్నా మీరు మరీ భయపెడుతున్నారు. అందరూ ఇలాగే రాస్తున్నారు, నాకూ ఇలాంటివి రెండు పేపర్లున్నాయి, ఇంటర్వ్యూలో పనికొచ్చాయి కూడా. ఇప్పుడు కాలం మారింది, 2024లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చిందే కంప్యూటర్ వాళ్లకి. బేకర్, హసాబిస్, జంపర్. ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రాం 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలు ఊహించి పెట్టేసింది. ఏఐ కనిపెట్టిన మందు మనుషుల మీద పనిచేసిందని మొన్ననే వచ్చింది కదా. ఇంకా టెస్ట్‌ట్యూబ్ పట్టుకుని కూర్చుంటామా?

పరవాడ_నైట్‌షిఫ్ట్:

గణేష్ గారూ, మీరు చెప్పే మందు రెంటోసెర్టిబ్ అనుకుంటా, ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకి. 2025లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. అందులో ఉన్నది 71 మంది రోగులు, 12 వారాలు. రోజూ 60 మిల్లీగ్రాములు తీసుకున్న గుంపులో ఊపిరి సామర్థ్యం సగటున 98.4 మిల్లీలీటర్లు పెరిగింది, ఉత్తుత్తి మందు గుంపులో 20.3 తగ్గింది. చాలా మంచి కబురే, ఇంకా పెద్ద ట్రయల్ కావాలి అనేది వేరే మాట. కానీ వాళ్లు స్కోరు చూసి అక్కడే ఆగలేదు కదండీ. అణువు తయారుచేశారు, కణాల మీద, ఎలుకల మీద, మనుషుల మీద వరసగా చూశారు. డాకింగ్ కూడా అంతే, నేను దండగ అనలేదు. జపాన్ షియోనోగి వాళ్ల కోవిడ్ మందు ఎన్‌సిట్రెల్విర్ మొదలైంది కంప్యూటర్ జల్లెడతోనే. జల్లెడలో మిగిలినవాటిని వెంటనే ఎంజైమ్ మీద పెట్టి చూసి, దొరికినదాన్ని చెక్కుకుంటూ వెళ్లారు. 2022 నవంబర్లో అక్కడ అత్యవసర అనుమతి వచ్చింది. జల్లెడ పట్టి ఊరుకుంటే పిండి వంట అయిపోదు.

బీచ్‌రోడ్_స్కాలర్:

నేను పీహెచ్‌డీ, పని ఇదే. ఎం.ఫార్మ్ తమ్ముణ్ని ఒకటే ప్రశ్న అడుగుతాను. 1యూ72 ఫైలు తెరిచాక "హెటాటమ్ లైన్లన్నీ (ప్రొటీన్ కానివాటి లైన్లు) తీసేయండి" అని యూట్యూబ్ వీడియోలో చెప్పినట్టు అన్నీ తీసేశావా? ఎందుకంటే ఆ క్రిస్టల్లో మెథోట్రెక్సేట్ ఒక్కటే లేదు, పక్కనే ఎంజైమ్‌కి తోడుగా పనిచేసే ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు కూడా కూర్చుని ఉంటుంది. నీళ్లతోపాటు దాన్నీ ఊడ్చేస్తే పక్కగది తలుపు తీసేసినట్టే, పెద్ద ఖాళీ వస్తుంది. రూటిన్ లాంటి లావు అణువు ఒక కాలు ఈ గదిలో, ఒక కాలు ఆ గదిలో పెట్టుకుని పడుకుంటుంది. అణువుల బొమ్మలు చూపించే పైమోల్‌లో అసలు క్రిస్టల్‌నీ నీ పోజునీ (డాకింగ్‌లో అణువు కూర్చున్న తీరు) ఒకదానిమీద ఒకటి వేసి చూడు.

రెండోది, మెథోట్రెక్సేట్‌ని ఏ ప్రోటోనేషన్‌తో (ఎక్కడెక్కడ హైడ్రోజన్ ఎక్కి ఉందనే లెక్కతో) పెట్టావు? ఫోలిక్ యాసిడ్‌కీ దీనికీ తేడా చూస్తే ఒక ఆక్సిజన్ బదులు అమైన్, ఒక నైట్రోజన్ మీద మిథైల్, అంతే. ఆ చిన్న మార్పుతో దాని తలలాంటి టెరిడిన్ రింగు ఎంజైమ్‌లో ఫోలేట్‌తో పోలిస్తే 180 డిగ్రీలు తిరగబడి కూర్చుంటుంది. ఆ రింగులోని ఎన్1 అనే నైట్రోజన్ మీద హైడ్రోజన్ ఎక్కి, ఎదురుగా ఎంజైమ్‌లో ఉన్న గ్లూటమేట్ 30ని పట్టుకుంటుంది. నువ్వు అణువుల ఫైళ్లు దొరికే పబ్‌కెమ్ నుంచి దించిన ఫైల్లో ఆ హైడ్రోజన్ ఉండదు. అది లేకపోతే వైనా ఆ నైట్రోజన్‌ని హైడ్రోజన్ బంధానికి దాతగా లెక్కపెట్టదు, రింగు ఎటు తిరగాలో దానికి తెలియదు. అంటే నీ పోటీలో అసలు మందుని కాలు కట్టేసి పరుగెత్తించావేమో.

పక్కమాట: ఆ మందు వెనక మన మనిషి ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే అనే మందుల కంపెనీలో నడిపించిన బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌తోనే 1948లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ పిల్లల లుకేమియా తగ్గుముఖం పట్టడం చూపించాడు. మెథోట్రెక్సేట్ దానికి తమ్ముడు. దాన్ని ఓడించామని రాసేముందు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి మనం.

డాక్టరమ్మ_వైజాగ్:

డాకింగ్ గురించి నాకు తెలియదు, జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. అమ్మగారి గురించి మాత్రం చెప్పాలి. బాబూ, ఆవిడ మాత్ర ఆపొద్దు. ఆపాలన్నా, డోసు మార్చాలన్నా ఆవిడని చూసే డాక్టరే చెప్పాలి. మునగాకు కూర, పప్పు ఎంతైనా తినొచ్చు, అది తిండి. అన్నట్టు ఆ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకుంటోందని నువ్వు ఇంకోసారి కళ్లారా చూసుకో. పొరపాటున రోజూ వేసుకుని నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి వచ్చినవాళ్లని చూశాను నేను, అందులో ఒకావిడకి మందుల షాపులో కవరు మీద తప్పు రాసిచ్చారు. లివర్ పరీక్ష, రక్తపరీక్ష డాక్టర్ చెప్పిన సమయానికి చేయిస్తున్నారో లేదో కూడా చూడు.

ఇంకో సంగతి, మీ కెమిస్ట్రీ వాళ్లు పట్టించుకోరేమో. కీళ్లవాతంలో ఇచ్చే కొద్దిపాటి డోసులో మెథోట్రెక్సేట్ పని అంతా డీహెచ్‌ఎఫ్‌ఆర్ మీదే జరగదు. కణంలోకి వెళ్లాక దానికి గ్లూటమేట్ తోక అతుక్కుంటుంది, అలా లోపలే చాలాకాలం ఉండిపోయి ఇంకో ఎంజైమ్‌ని అడ్డుకుని అడినోసిన్ పెంచుతుందని, వాపు తగ్గడానికి అదే ముఖ్య కారణమని అనుకుంటున్నారు. అందుకే ఈ మందుతోపాటు ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా ఇబ్బందులు తగ్గుతాయి గానీ మందు పని పోదు. కాబట్టి నీ రూటిన్ డీహెచ్‌ఎఫ్‌ఆర్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నా మా రోగి మోకాలికి ఒరిగేది చెప్పలేం.

మద్దిలపాలెం_ఎంఫార్మ్:

అందరికీ చాలా థాంక్స్. రెండు రాత్రులు నిద్ర మానేసి కూర్చున్నాను. స్కాలర్ అక్కా (అన్నయ్య అయితే క్షమించండి), మీరన్నది అచ్చం నిజం. హెటాటమ్ మొత్తం తీసేశాను, వీడియోలో అలాగే చెప్పారు. పైమోల్‌లో క్రిస్టల్ మీద నా రూటిన్‌ని వేసి చూస్తే దాని చక్కెర భాగం సరిగ్గా ఎన్‌ఏడీపీహెచ్‌లోని నికోటినమైడ్ భాగం ఉండాల్సిన చోట కూర్చుని ఉంది. పసుపు కర్రల మీద ఆకుపచ్చ కర్రలు. చూడగానే సిగ్గేసింది.

ఎన్‌ఏడీపీహెచ్‌ని ఉంచి మళ్లీ నడిపితే రూటిన్ మైనస్ 7.4కి పడిపోయింది. మెథోట్రెక్సేట్ మొదటిసారి రీడాకింగ్‌లో ఆర్‌ఎంఎస్‌డీ 6 దాటింది, రింగు తలకిందులు. ఎన్1 మీద హైడ్రోజన్ పెట్టి మళ్లీ చేస్తే 1.3 వచ్చింది. ఒక్క హైడ్రోజన్‌కి ఇంత కథ ఉంటుందని రెండేళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

సార్‌కి చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "జర్నల్‌కి డబ్బు కట్టలేదుగా?" అన్నారు. కట్టలేదన్నాను. టైటిల్ తీసేయమన్నారు, ఎన్‌ఏడీపీహెచ్ ఉంచితే, తీసేస్తే 38 పదార్థాల వరస ఎలా తారుమారవుతుందో అదే థీసిస్‌గా రాయమన్నారు. అమ్మ చీటీ కూడా చూశాను డాక్టర్ గారూ, వారానికి ఒకటే, పక్కన క్యాలెండర్ మీద ఆదివారాలకి సున్నాలు చుట్టుకుంటోంది.

ఇంకో డౌటు. డిపార్ట్‌మెంట్‌లో యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంది. ఎంజైమ్ కొద్దిగా దొరికేలా ఉంది, పక్క ల్యాబ్ వాళ్లు ఇస్తామన్నారు. ఎంజైమ్ పనిచేసేకొద్దీ ఎన్‌ఏడీపీహెచ్ ఖర్చవుతుంది కదా, 340 నానోమీటర్ల దగ్గర అది తగ్గడం చూస్తే సరిపోతుందా?

బీచ్‌రోడ్_స్కాలర్:

అక్కే, క్షమాపణ అక్కర్లేదు. పద్ధతి సరైనదే, కానీ రూటిన్ పసుపు రంగు పొడి కదా, అది కూడా 350 చుట్టుపక్కల బాగా వెలుతురు మింగుతుంది. ఎంజైమ్ లేకుండా రూటిన్ ఒక్కదానితో ఖాళీ రీడింగ్ తీసి ప్రతి గాఢతకీ తీసివేయి, లేకపోతే మళ్లీ లేని పులిని చూస్తావు. ఇంకోటి, క్వెర్సెటిన్ లాంటివి నీళ్లలో గుంపు కట్టి ఎంజైమ్‌ని మింగేసి ఆపినట్టు నటిస్తాయి. 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 (సబ్బులాంటిది) వేసి ఒకసారి, వెయ్యకుండా ఒకసారి చూడు. వేస్తే ప్రభావం మాయమైతే అది మందు పని కాదు.

మద్దిలపాలెం_ఎంఫార్మ్:

ట్రైటాన్ ఎక్కడ కొనాలక్కా? ఖరీదా?

పరవాడ_నైట్‌షిఫ్ట్:

కొనక్కర్లేదు తమ్ముడూ, మీ బయోకెమిస్ట్రీ ల్యాబ్ అల్మరాలో ఎక్కడో ఉండే ఉంటుంది, వెతుకు. తేనెలా చిక్కగా ఉంటుంది, నేరుగా పిపెట్‌తో తీస్తే కొలత తప్పుతుంది. టిప్ కొన కత్తెరతో కోసి మెల్లగా లాగు, ముందు పది శాతం ద్రావణం చేసి పెట్టుకుని అందులోంచి వాడుకో. గట్టిగా ఊపకు, అంతా నురగైపోతుంది.