అప్‌డేట్: పేస్ బాకీ ఉన్న ఇంటికి రీఫైనాన్స్ అయింది (కాలిఫోర్నియా)

సోలార్ ప్యానెళ్ల కోసం తీసుకున్న పేస్ అప్పు (PACE, ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లుతో పాటు వాయిదాల్లో కట్టేది) వల్ల మా రీఫైనాన్స్ (పాత ఇంటి లోన్ తీర్చి కొత్తది తీసుకోవడం) ఆగిపోయింది, ఏం చేయాలని ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు పేఆఫ్ స్టేట్‌మెంట్ (బాకీ మొత్తం తీరాలంటే ఎంత కట్టాలో చెప్పే కాగితం) తెప్పించండి" అన్నదే పనిచేసింది.

టైటిల్ ఆఫీసర్ (ఇంటి మీద ఎవరెవరికి హక్కులు, బాకీలు ఉన్నాయో చూసేవారు) మా ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో, స్కూల్ బాండ్ల కింద ఉన్న లైను చూపించారు. అదే పేస్ వాయిదా. పన్నుతో పాటు వసూలవుతుంది కాబట్టి ఇంటి లోన్ కంటే దానికే ముందు హక్కు. అందుకే లెండర్ల దగ్గర ఇంటి లోన్లు కొనే పెద్ద సంస్థలు ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ ఇలాంటి ఇళ్ల లోన్లు కొనవు. ఇల్లు అమ్మితే కొన్నవాళ్లే కట్టుకుంటారని కాంట్రాక్టర్ చెప్పింది కాగితం మీద నిజమే, చాలామంది లెండర్లు మాత్రం ఒప్పుకోరు.

కొత్త లోన్ డబ్బులోంచే బాకీ మొత్తం తీర్చాం, కౌంటీ రికార్డర్ (ఆస్తి పత్రాలు నమోదు చేసే ఆఫీసు) దగ్గర రిలీజ్, అంటే ఇంటి మీద ఆ హక్కు తొలగిందన్న పత్రం, నమోదైంది. పెద్ద టెన్షన్ తీరింది. రీఫైనాన్స్ ఆగింది ఆ ముందు హక్కు వల్లే, క్రెడిట్ స్కోర్‌కీ, ప్యానెళ్ల వయసుకీ దాంతో సంబంధమే లేదు. ఈ ఏడాది ట్యాక్స్ బిల్లు అప్పటికే వచ్చేసి ఉంటే, అందులోని వాయిదా పేఆఫ్ మొత్తంలో కలిసిందో లేదో తప్పకుండా అడగండి.